సర్టిఫికెట్ చేతికొచ్చాక ఆర్నెల్లు

(బెంగళూరులో తెలుగు యవనస్థుల కూడికలో చేసిన ప్రసంగ పాఠం)

కేజీఎఫ్ నుంచి, బంగారుపేట నుంచి తెల్లవారుజామునే రైలెక్కి వచ్చిన తమ్ముళ్ళకీ చెల్లెళ్ళకీ, చెన్నై నుంచి, షోలాపూర్ నుంచి రాత్రంతా ప్రయాణం చేసి వచ్చిన పెద్దలకీ ప్రత్యేకంగా వందనాలు.

చదువు మధ్యలో ఆపేసిన మన పిల్లలకి వృత్తి శిక్షణ, స్వయం ఉపాధి గురించి మాట్లాడమన్నారు. ఈ మాట వినగానే మీలో చాలామందికి కుట్టు మిషన్లు గుర్తొస్తాయి. మాకూ అవే గుర్తొస్తాయి. కాబట్టి వాటితోనే, అంటే మేము చేసిన తప్పుతోనే మొదలుపెడతాం.

కొన్నేళ్ళ కిందట మేము కొద్దిమందిమి కలిసి ఒక కాలనీలో ఆడపిల్లలకి మూడు నెలలు కుట్టుపని నేర్పించాం. క్రిస్మస్ ముందు ఆదివారం పన్నెండు మందికి మిషన్లు ఇచ్చాం. ఫోటోలు దిగాం, డబ్బు ఇచ్చినవాళ్ళకి పంపాం. మరుసటి క్రిస్మస్‌కి మళ్ళీ ఆ ఇళ్ళకి వెళ్తే ఒక మిషను మీద టీవీ పెట్టి ఉంది. రెండు కుదువలో ఉన్నాయి. ఇంకొకటి తమ్ముడు హోంవర్కు రాసుకునే బల్ల అయింది. అదొక్కటి చూసి కాస్త సంతోషం వేసింది. నిజంగా తిరుగుతున్న మిషన్లు మూడే.

"ఈ పిల్లలకి శ్రద్ధ లేదు" అనుకున్నాం. అనలేదని చెబితే అబద్ధమవుతుంది. తర్వాత ఒకమ్మాయి దగ్గర కూర్చుని నెమ్మదిగా అడిగితే చెప్పింది: "అన్నా, మీరు నేర్పింది పేపరు మీద కటింగు, చిన్నపిల్లల గౌను, లంగా. మా వీధిలో అడిగేది లైనింగు జాకెట్టు. అది చెడిపోతే గుడ్డ డబ్బు నేనే ఇచ్చుకోవాలి. మొదటి జాకెట్టు చంక దగ్గర పట్టేసింది. ఆమె వీధంతా చెప్పింది. ఇంకెవరూ రాలేదు." పక్క వీధిలో దర్జీకి ఓవర్‌లాక్ ఉంది, ఫాలు, పీకో చేస్తాడు. ఈ పిల్ల దగ్గర అవి లేవు. చీర ఒకచోట, జాకెట్టు ఒకచోట ఎవరిస్తారు? ఈ సంగతి శిక్షణ మొదలుపెట్టకముందు ఆ వీధిలో పది నిమిషాలు నిలబడి అడిగినా తెలిసేది. మేము అడగలేదు. మిషన్లు తక్కువ ధరకి ఎక్కడ దొరుకుతాయో మాత్రం ఊరంతా తిరిగి అడిగాం.

ఇంతకీ ఈ పిల్లలు ఎవరు? బెంగళూరు వీధులు ఊడ్చే పౌరకార్మికుల్లో ఎక్కువమంది దళిత స్త్రీలు, వాళ్ళలో ఎంతోమంది ఇంట్లో మాట్లాడేది తెలుగు. ఇది మీకు మేము చెప్పక్కర్లేదు, ఈ హాల్లో వాళ్ళ పిల్లలే చాలామంది ఉన్నారు. ఆరు, ఆరున్నరకల్లా అమ్మ హాజరు వేయించుకోవాలి. కాబట్టి పెద్దమ్మాయి లేచి తమ్ముళ్ళకి నీళ్ళు పట్టి, అన్నం వండి, బడికి పంపి, తను ఆలస్యంగా వెళ్తుంది, లేదా వెళ్ళదు. ఎనిమిదిలోనో తొమ్మిదిలోనో ఆగిపోతుంది. మగపిల్లాడు ఆగిపోయే కారణం వేరు. పదమూడు, పద్నాలుగేళ్ళకే కేటరింగ్‌లో ప్లేట్లు ఎత్తితే రాత్రికి డబ్బు చేతికొస్తుంది. ఆ డబ్బు రుచి తెలిశాక బడి గంట వినపడదు. పంతొమ్మిది, ఇరవై వచ్చేసరికి ఇంట్లో మాట మొదలవుతుంది: అమ్మ పని నీకు రాయించుకుందామా? అప్పటికి వాడి దగ్గర వేరే జవాబు ఉండదు.

కేజీఎఫ్ పిల్లల కథ కొంచెం వేరు. తాత గనిలో, నాన్న గనిలో. 2001 ఫిబ్రవరి చివరి రోజున గనులు మూతపడ్డాయి. గనే ఒక పెద్ద వర్క్‌షాపు కదా. వెల్డింగు, ఫిట్టింగు, వైండింగు అన్నీ తాతల కాలంలో అక్కడే చేత్తో నేర్చుకున్నారు. అది పోయాక మనవళ్ళకి మిగిలింది పొద్దున బెంగళూరుకి వచ్చి రాత్రికి తిరిగి వెళ్ళే రైలు.

ఒకసారి చెన్నైలో ఇలాగే మాట్లాడుతుంటే వెనక వరసలో ఒక పెద్దాయన లేచారు. "అయ్యా, చదువు వద్దు, పని నేర్చుకో అని మా చిన్నప్పుడే ఒకాయన చెప్పాడు. ఇప్పుడు మీరూ అదే చెబుతున్నారా?" అన్నారు. ఆయన గుర్తుచేసింది 1953 నాటి సంగతి. అప్పటి మద్రాసు రాష్ట్రంలో రాజాజీ ప్రభుత్వం ఒక పథకం తెచ్చింది. పిల్లలకి రోజుకి మూడు గంటలే బడి, మిగతా పూట ఇంట్లో తల్లిదండ్రుల వృత్తి నేర్చుకోవాలి. కుమ్మరి పిల్లాడు కుండలు, చాకలి పిల్లాడు బట్టలు. మరి పాకీ పనిచేసే ఇంటి పిల్లాడు ఏం నేర్చుకోవాలి? జనం దానికి 'కులకల్వి' అని పేరుపెట్టి తిరగబడ్డారు. 1954లో రాజాజీ దిగిపోయి కామరాజ్ ముఖ్యమంత్రి అయ్యాక అది పోయింది.

ఆ పెద్దాయన అడిగింది సరైన ప్రశ్నే. ఆ రోజు మేము తడబడ్డాం. ఇప్పుడు మా జవాబు ఇది. పద్నాలుగేళ్ళ లోపు పిల్లల్ని మేము ఏ శిక్షణలోనూ చేర్చుకోం. వాళ్ళ చోటు బడి. విద్యాహక్కు చట్టం ప్రకారం మధ్యలో ఆగిపోయిన పిల్లని వయసుకు తగిన తరగతిలో చేర్చుకోవాలి, వెనకబడిన పాఠాలకి ప్రత్యేక శిక్షణ ఇవ్వాలి. హెడ్మాస్టరు కుదరదంటే ఇద్దరు పెద్దవాళ్ళు వెంట వెళ్ళి ఆ మాట గుర్తుచేయాలి. పద్నాలుగు దాటి పద్దెనిమిది నిండనివాళ్ళని ప్రమాదకరమైన పనుల్లో పెట్టకూడదని 2016లో సవరించిన బాలకార్మిక చట్టం చెబుతోంది. ఇక పని నేర్చుకునే ప్రతి పిల్లా, పిల్లాడూ పక్కన ఓపెన్ స్కూల్లో పదో తరగతికి కట్టాలి. జాతీయ సార్వత్రిక విద్యాసంస్థలో పద్నాలుగేళ్ళు నిండితే చాలు. ఒక్కసారే అన్నీ పాసవ్వక్కర్లేదు. ఐదేళ్ళలో ఒక్కో సబ్జెక్టుగా రాసుకోవచ్చు. పానా పట్టుకున్న చెయ్యి పెన్ను వదిలేయాలని ఎక్కడా లేదు.

ఇంకో సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. 2023 సెప్టెంబరులో కేంద్రం పెట్టిన పీఎం విశ్వకర్మ పథకం గురించి యవనస్థులు అడుగుతున్నారు. అందులో 18 చేతివృత్తులు ఉన్నాయి. పనిముట్లకి పదిహేను వేల దాకా ఇస్తారు, శిక్షణ రోజులకి భత్యం ఇస్తారు, ఐదు శాతం వడ్డీకి మొదట లక్ష వరకు అప్పు ఇప్పిస్తారు. పద్దెనిమిదేళ్ళకే చేర్చుకుంటే పిల్లలు చదువు వదిలి కులవృత్తిలోనే ఉండిపోతారని, కనీస వయసు 35 చేయాలని తమిళనాడు ప్రభుత్వం అభ్యంతరం చెప్పింది. 2024లో, ఇప్పుడున్న రూపంలో అమలు చేయబోమని రాసింది. మా అభిప్రాయం అడిగితే ఆ అభ్యంతరం న్యాయమైనదే. అలాగని ఇరవై ఏళ్ళుగా తాపీపని చేస్తున్న మేస్త్రీని, దర్జీని వద్దని ఆపం. వాళ్ళు తీసుకోవాలి. పద్దెనిమిదేళ్ళ కుర్రాడికి మాత్రం ముందు వేరే దారులు చూపించి, ఆ తర్వాత వాడినే ఎంచుకోనివ్వాలి.

దారులు లేకపోలేదు. తెలియకపోవడమే ఎక్కువ. ఐటీఐ అంటే పదో తరగతి పాసైనవాళ్ళకే అని మనవాళ్ళు అనుకుంటారు. వెల్డరు, వైర్‌మన్ ట్రేడులకి ఎనిమిదో తరగతి పాసైనా చాలు. వెల్డరు ఏడాది, వైర్‌మన్ రెండేళ్ళు. తొమ్మిదిలో ఆగిపోయిన పిల్లాడి దగ్గర ఎనిమిది పాసైన కాగితం ఉంటుంది. దాని విలువ వాడికి ఎవరూ చెప్పలేదు, అంతే. ఎనిమిది కూడా లేనివాళ్ళకి జన శిక్షణ సంస్థాన్లు ఉన్నాయి. 1967లో బొంబాయిలో కార్మికుల కోసం శ్రామిక విద్యాపీఠం అని మొదలైంది, 2000లో ఈ పేరు వచ్చింది. అక్షరాలు రానివాళ్ళని, మధ్యలో మానేసినవాళ్ళని పదిహేనేళ్ళ నుంచి నలభై ఐదేళ్ళ దాకా తీసుకుంటారు.

మన కర్ణాటకలోనే పుట్టిన ఇంకొకటి ఉంది. 1982లో ఉజిరెలో ధర్మస్థల వీరేంద్ర హెగ్గడేగారు, సిండికేట్ బ్యాంకు, కెనరా బ్యాంకు కలిసి రుడ్‌సెట్ సంస్థని మొదలుపెట్టారు. అది బాగా నడిచిందని చూసి, కేంద్రం అదే పద్ధతిలో జిల్లాకొకటి పెట్టమని బ్యాంకులకి చెప్పింది. వాటినే ఆర్‌సెటీలు అంటున్నారు. ముఖ్యంగా గ్రామాల యువత కోసం పెట్టినవి. శిక్షణ, భోజనం, బస అన్నీ ఉచితం. కోర్సులు వారం పది రోజుల నుంచి నెలన్నర దాకా ఉంటాయి. దీంట్లో మమ్మల్ని ఆకట్టుకున్నది కోర్సు కాదు. శిక్షణ అయ్యాక రెండేళ్ళపాటు ఆ మనిషి వెనకే ఉండాలని వాళ్ళు పెట్టుకున్న నియమం. మా కుట్టు మిషన్లకి లేనిది అదే.

అప్పు సంగతికి వస్తే, మనవాళ్ళకి ఒక ప్రత్యేకమైన ముడి ఉంది. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం షెడ్యూల్డు కులాల హోదా హిందువులకే ఇచ్చారు. తర్వాత 1956లో సిక్కులని, 1990లో బౌద్ధులని చేర్చారు. క్రైస్తవుల్ని చేర్చలేదు. వీధి ఊడ్చేటప్పుడు కులం చూస్తారు, లోను ఇచ్చేటప్పుడు మతం చూస్తారు. దీనిమీద పోరాటం సాగుతూనే ఉంది, సాగాలి. ఈలోగా పిల్లాడు ముప్పై ఏళ్ళవాడైపోతాడు కాబట్టి, చేతిలో ఉన్నది వాడుకోవాలి. ప్రధానమంత్రి ఉపాధి కల్పన పథకంలో మైనారిటీలు, స్త్రీలు ప్రత్యేక వర్గంలోకి వస్తారు. వాళ్ళు సొంతంగా పెట్టాల్సింది ఐదు శాతం. పట్టణంలో 25 శాతం, పల్లెలో 35 శాతం సబ్సిడీ. ఎనిమిదో తరగతి పాసవ్వాలన్న షరతు పెద్ద ప్రాజెక్టులకే, అంటే తయారీలో పది లక్షలు, సేవల్లో ఐదు లక్షలు దాటితేనే. దానికంటే చిన్నదానికి చదువు అడగరు. ముద్రలో యాభై వేల దాకా ఉన్నదాన్ని శిశు అంటారు, హామీ అడగకూడదు.

కాగితం మీద ఇదంతా బాగానే ఉంటుంది. బ్యాంకులో మొదట అడిగేది అద్దె అగ్రిమెంటు. మన బస్తీల్లో అగ్రిమెంటు ఎవరు రాసిస్తారు? మేము వెంట వెళ్ళిన ఒక బ్రాంచిలో మూడుసార్లు తిప్పారు. నాలుగోసారి షాపు కొటేషన్లు, పని చేయించుకున్నవాళ్ళ బిల్లులు ఫైల్లో పెట్టి తీసుకెళ్తే కూర్చోమన్నారు. బిల్లు పుస్తకం వల్ల అంత మర్యాద దొరుకుతుందని మాకు అప్పుడే తెలిసింది.

ఇప్పుడు అసలు చెప్పదలచిన కుర్రాడి సంగతి. పేరు వద్దు, వాడు ఒప్పుకోలేదు. తొమ్మిదిలో మానేశాడు. ఐటీఐలో వైర్‌మన్ చేశాడు, మంచి మార్కులే. సర్టిఫికెట్ వచ్చిన ఆదివారం సంఘంలో లేపి నిలబెట్టి చప్పట్లు కొట్టాం. ఆ తర్వాత ఆర్నెల్లు వాడికి ఏం జరిగిందో మేము చూడలేదు. కాంట్రాక్టరు దగ్గర హెల్పరుగా గోడలు గాడి కొట్టడమే పని. డ్రిల్లింగ్ మిషను, మల్టీమీటరు అరువు మీద కొన్నాడు. సొంతంగా పని పట్టాలంటే రాష్ట్ర ఎలక్ట్రికల్ ఇన్‌స్పెక్టరేట్ ఇచ్చే పర్మిట్ కావాలి. దానికి దరఖాస్తు పెట్టాలని ఎవరూ చెప్పలేదు. తెలిసినవాళ్ళ ఇళ్ళలో చిన్న పనులు చేస్తే "మనవాడే కదా" అని టీ ఇచ్చి పంపేవాళ్ళు. గుడిలో ఫ్యాను ఆగితే ఫోను, మైకు పాడైతే ఫోను. అదంతా సేవ. అయ్యా, పాస్టరుగార్లు, పెద్దలు ఉన్నారు, క్షమించండి, చెప్పక తప్పదు. గుడి మొత్తానికి వైరింగు మార్చాల్సి వచ్చినప్పుడు ఆ పని బయటి కాంట్రాక్టరుకి ఇచ్చారు. "పెద్ద పని, పిల్లాడికేం తెలుసు" అన్నారు. కమిటీలో మా మనిషి కూడా ఒకరు ఉన్నారు, చేయెత్తారు.

వాడు గుడికి రావడం మానేశాడు. డెలివరీ బండి ఎక్కాడు. మేము ఇంటికి వెళ్తే తిట్టలేదు, మంచినీళ్ళు ఇచ్చాడు. "అన్నా, ఉచితంగా చేసే పనికి నేను గుర్తొస్తాను, డబ్బిచ్చే పనికి గుర్తురాను" అన్నాడు. దానికి మా దగ్గర జవాబు లేకపోయింది.

ఆ తర్వాత మారినవి ఏమిటంటే, మొదట పాస్టరుగారి ఇంటి వైరింగు వాడికి ఇప్పించాం. సామాను డబ్బు ముందుగా ఇచ్చి, కూలికి రాసిన బిల్లు తీసుకున్నాం. ఒక రిటైర్డు లైన్‌మన్ అయ్యగారు రెండు సాయంత్రాలు వచ్చి ఎర్తింగు తప్పులు దిద్దారు. పర్మిట్ దరఖాస్తు మేమే దగ్గరుండి పెట్టించాం. వాడు ఇప్పుడు నెలలో సగం రోజులు సొంత పని చేస్తున్నాడు. మిగతా రోజులు ఇంకా డెలివరీ బండి మీదే ఉన్నాడు. గొప్ప విజయగాథ అని చెప్పలేం. కానీ కిందటి నెల ఇంకో కుర్రాణ్ణి వెంట తీసుకెళ్తూ కనిపించాడు, వాడికి రోజుకూలి ఇస్తున్నాడట.

ఆడపిల్లలకి ఇంకో గోడ అడ్డం ఉంటుంది. ఒక చెల్లెమ్మ టిఫిన్ బండి పెట్టింది. చిన్న ఆహార వ్యాపారానికి ఏడాదికి వంద రూపాయల ఫీజుతో రిజిస్ట్రేషన్ తీసుకుంది. వీధి వ్యాపారుల చట్టం 2014 కింద గుర్తింపు కార్డుకి దరఖాస్తు చేసింది. ఇడ్లీ బాగుంటుంది, మేమూ తిన్నాం. నెలన్నర బాగా నడిచింది. ఒకరోజు ఒకావిడ "మీ అమ్మ ఎక్కడ పనిచేస్తుందమ్మా?" అని అడిగింది. పిల్ల దాచకుండా చెప్పింది. వారంలో బేరం సగానికి పడిపోయింది. ఇప్పుడు బండి బొమ్మనహళ్ళి వైపు, గార్మెంట్ ఫ్యాక్టరీ గేటు దగ్గర పెడుతోంది. ఇల్లు వదిలి గంటసేపు తోసుకెళ్ళాలి. అక్కడ పనికి పరిగెత్తే ఆడవాళ్ళకి కులం అడిగే తీరిక లేదు. బేరం నడుస్తోంది కాబట్టి సమస్య తీరిందని మేము అనుకోవడం లేదు. శిక్షణ ఇచ్చేవాళ్ళ లెక్కల పుస్తకంలో ఈ గంట నడకకి గడి ఉండదు. ఎక్కడ రాయాలో మాకూ తెలియడం లేదు.

దానం చేయడం కాకుండా పని చూపించడం తెలుగు క్రైస్తవులకి కొత్త కాదు. 1876 నుంచి 78 దాకా వచ్చిన కరువులో ఒంగోలులో ఉన్న మిషనరీ క్లౌ దొర బకింగ్‌హాం కాలువలో మూడు మైళ్ళకు పైగా తవ్వే కాంట్రాక్టు తీసుకుని, ఆకలితో ఉన్నవాళ్ళకి కూలి ఇప్పించాడు. ఆ రోజుల్లో అన్నం కోసం మతం మారారన్న మాట రాకూడదని బాప్తిస్మాలు ఆపేశాడు. మంగళూరులో 1865లో బాసెల్ మిషన్ వాళ్ళు పెంకుల ఫ్యాక్టరీ పెట్టడానికి ఒక కారణం, మతం మారినవాళ్ళని ఊరు పనిలోంచి వెలివేయడమే. మా శిక్షణకి కూడా కాలనీలో ఎవరి పిల్లలైనా వస్తారు. పేరు రాసుకునే పుస్తకంలో మతం గడి లేదు.

యవనస్థులారా, డిగ్రీ చదివినవాళ్ళు, ఆఫీసుల్లో పనిచేసేవాళ్ళు మీలో ఉన్నారు. మీ దగ్గర చందా అడగడం లేదు. నెలకి రెండు శనివారం సాయంత్రాలు కావాలి. ఒక్కొక్కరికి ఒక్కరిని అప్పగిస్తాం. ఆ మనిషి పక్కన కూర్చుని ఇంటి డబ్బు, షాపు డబ్బు వేరుగా రాయించాలి. అరువు ఎవరికిచ్చారో రాయించాలి. మొదట్లో అందరూ పెట్టుబడిలోంచే బియ్యం కొంటారు, కోప్పడొద్దు, రాయించండి చాలు. మన పిల్లలకి తెలుగు, కన్నడం, తమిళం, కాస్త హిందీ నోటికి వస్తాయి, అపార్ట్‌మెంట్ వాచ్‌మన్ నుంచి ఇంజనీరు దాకా అందరితో మాట్లాడగలరు. అది బేరానికి ఎంత ఉపయోగమో వాళ్ళకి తెలియదు. తెలుగు చదవలేరు కాబట్టి పుస్తకం కన్నడంలో రాసుకున్నా ఫర్వాలేదు.

సంఘ పెద్దల్ని ఒకటే అడుగుతున్నాం. ఈ ఏడాది గుడిలో సున్నం వేయించినా, పైపు మార్పించినా, పెళ్ళికి వంట చేయించినా ముందు మన పిల్లల్లో ఆ పని తెలిసినవాళ్ళని పిలిచి రేటు అడగండి. కుదరకపోతే వేరేవాళ్ళకి ఇవ్వండి. కుదిరితే బిల్లు తీసుకుని అదే రోజు డబ్బివ్వండి.

కూడిక అయ్యాక బయట వేపచెట్టు కింద బల్ల దగ్గర ఉంటాం. చేరదలచినవాళ్ళు ఆధార్ కార్డు, చివర చదివిన తరగతి టీసీ తెచ్చి ఉంటే చూపించండి. టీసీ లేదని ఎవరూ ఆగిపోవద్దు. ఏ బడిలో మానేశారో చెప్పండి, సోమవారం పొద్దున ఆ బడికి మేమూ వస్తాం.